బట్టీకి వచ్చిన ఆడబిడ్డకు ఊరు తోడుండాలంటే: మహిళా సంఘాల కోసం సమగ్ర మార్గదర్శి

కార్తీకం వచ్చేసరికి మా పెద్దపల్లి జిల్లాలో ఇటుక బట్టీల చుట్టూ గుడిసెలు లేస్తాయి. పచ్చి ఇటుకలు పేర్చి, పైన రేకో టార్పాలినో కప్పిన గుడిసెలు. నడుం వంచితే తప్ప లోపలికి పోలేం. వాటిలో దిగేది పశ్చిమ ఒడిశా కుటుంబాలు. బలాంగీర్, నువాపడా, కలహండి, బర్‌గఢ్ జిల్లాల వాళ్లు. కాంటాబాంజీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కూలీలను కుదిర్చి తెచ్చే సర్దార్ల వెంట రైలెక్కి వస్తారు. మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా ఉంటారు. ఏడెనిమిది నెలలు. ఒక ఆడమనిషి కడుపుతో వచ్చి, మన పొలిమేరలోనే కని, చంటిబిడ్డతో తిరిగి రైలెక్కేంత కాలం. అన్ని నెలలున్నా ఆమె పేరు మనలో ఒక్కరికీ తెలియకుండా వెళ్లిపోతుంది.

నేను ఇక్కడికి కోడలిగా వచ్చాను. తల్లిగారి ఊరు ములుగు జిల్లా తాడ్వాయి వైపు. అక్కడి అడవిలో గుత్తికోయ ఆదివాసుల గూడేలున్నాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక ఊళ్లు వదిలి గోదావరి ఇవతలికి వచ్చిన వాళ్లవి. ఈ రెండు చోట్లా మేం చేసింది, తప్పి దిద్దుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లో ఒక్క పొదుపు సంఘం ఉంటే చాలు, ఈ పని మొదలవుతుంది.

మొదటి ఏడాది మా సంఘం పాత చీరలు మూటగట్టుకుని బట్టీకి పోయింది. పంచాం. తీసుకున్నారు. వచ్చేస్తుంటే చంకలో పిల్లవాడున్న ఒక చెల్లె, సగం హిందీ సగం తెలుగు కలిపి అడిగింది: "అక్కా, పిల్లగానికి జరం వస్తే యాడికి పోవాలె?" మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అక్కడికి మూడు కిలోమీటర్లు. ఆమె వచ్చి నెలన్నర అయింది. ఆ దారి ఎవరూ చెప్పలేదు. మేం కూడా చీరలే తెచ్చాం గానీ ఆ ముక్క చెప్పలేదు. ఆ రోజు నుంచి మా పని పద్ధతే మారింది. ఊరి ఆడవాళ్లకు తెలిసిన దారులన్నీ, అంగన్‌వాడీకి, దవాఖానకు, రేషన్ షాపుకు, ఆర్డీఓ ఆఫీసుకు పోయే దారులు, ఆమెకూ తెలియాలి. మొదటిసారి మనం వెంట నడవాలి.

ముందు: వచ్చింది ఎవరు?

ఉత్తర తెలంగాణకు ఇలా వచ్చే ఆడవాళ్లు ప్రధానంగా మూడు రకాలు. బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలు ఒకరు. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి వచ్చి, చేల గట్ల మీద గుడారాల్లో ఉండేవాళ్లు ఇంకొకరు. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఏళ్ల తరబడి ఉంటున్న గుత్తికోయలు మూడో వాళ్లు. ఎవరికి ఏం కావాలో వేరువేరుగా ఉంటుంది. బట్టీ ఆడవాళ్లకు కూలి లెక్క ముఖ్యం. మిరప చేలకు వచ్చేవాళ్లు పట్టుమని మూడు నెలలుండరు, వాళ్లకు తిరుగు ప్రయాణం ముఖ్యం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డప్పుడు ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్‌లోని ఇంటికి నడుచుకుంటూ బయలుదేరిన పన్నెండేళ్ల పిల్ల ఇల్లు చేరువలోకి వచ్చాక దారిలోనే చనిపోయింది. మన చేలలో పండు మిరప కోసిన పిల్ల అది. ఆ గుంపు బయలుదేరిన పొద్దున దగ్గర్లోని ఏ సంఘానికైనా వాళ్ల సంగతి తెలిసి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఒక మాట ఇక్కడే తేల్చుకోవాలి. "వాళ్లు మనోళ్లు కాదు, శరణార్థులు" అనే వాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. బస్తర్ నుంచి వచ్చినా బలాంగీర్ నుంచి వచ్చినా వాళ్లు ఈ దేశ పౌరులే. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. వేరే దేశం నుంచి పారిపోయి వచ్చిన వాళ్లకు వర్తించే 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకమే చేయలేదు, దానికీ వీళ్లకూ సంబంధం లేదు. సర్పంచ్ దగ్గర, పంచాయతీ కార్యదర్శి దగ్గర ఈ మాట గట్టిగా, మర్యాదగా చెప్పగలగాలి.

నలుగురు చాలు, కట్టుబాట్లు మాత్రం తప్పవు

పెద్ద కమిటీ వద్దు. ఒకరికి హిందీ రావాలి. ఒకరికి ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచర్‌తో దగ్గరితనం ఉండాలి. ఒకరు కాగితాలు చదివి నింపగలగాలి. నాలుగో మనిషి వయసులో పెద్దావిడ అయితే మంచిది. బట్టీ గేటు దగ్గర మున్షీ, అంటే బట్టీ లెక్కలు చూసే గుమాస్తా, మనల్ని ఆపితే, అతన్ని "కొడుకా" అని పిలిచి లోపలికి నడిచేది ఆమే.

సంఘం సమావేశంలో తీర్మానం రాసి సంతకాలు పెట్టండి. గ్రామైక్య సంఘం పుస్తకంలో అది ఉంటే రేపు ఏ ఆఫీసుకు పోయినా మీరు వ్యక్తులుగా కాదు, సంఘంగా పోతారు. తీర్మానంలోనే మా కట్టుబాట్లు రాసుకున్నాం. ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. ఎవరి ఆధార్ కార్డు గానీ రేషన్ కార్డు గానీ మన దగ్గర ఉంచుకోకూడదు, చూసి అక్కడికక్కడే ఇచ్చేయాలి. వాళ్ల డబ్బు మన చేతిలోకి రాకూడదు. మన చేతిలో లేనిదాన్ని ఇప్పిస్తామని మాట ఇవ్వకూడదు.

ఇంకొకటి, ఫొటోలు తీయకూడదు. దీని మీద మా సంఘంలోనే గొడవైంది. ఫొటో లేకపోతే చేసినట్టు ఎవరికి తెలుస్తుందని కొందరన్నారు. సర్దార్ ఫోన్‌కు ఆ ఫొటో చేరితే ఆ కుటుంబాన్ని మర్నాడే వేరే బట్టీకి మార్చేస్తారు. బస్తర్ నుంచి వచ్చిన ఆమె ముఖం ఎక్కడెక్కడో తిరిగితే ఆమె ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వకండి.

మొదటి నెల: పోవడం, కూర్చోవడం

బట్టీ పని తెల్లవారుజామున, చాలాచోట్ల రెండు మూడింటికే మొదలవుతుంది. ఎండెక్కేదాకా ఇటుక కోసి, వండుకుని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ మర్నాటి మట్టి తొక్కి పెట్టుకుంటారు. మనకు తీరిక దొరికిన వేళ కాదు, వాళ్లకు తీరిక ఉన్న వేళే పోవాలి. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా మాకు కుదిరింది. వారంలో ఒకే రోజు పెట్టుకోండి, ఏం జరిగినా ఆ రోజు తప్పకండి. మూడు వారాలు తప్పకుండా పోతే నాలుగో వారం వాళ్లే చాప వేస్తారు.

మొదటిసారి ఆశా కార్యకర్తతోనో, టీకాల కోసం వచ్చే ఏఎన్‌ఎంతోనో కలిసి పొండి. "పిల్లల టీకాలు చూడ్డానికి వచ్చినం" అంటే ఏ యజమానీ కాదనడు. యజమానులందరూ ఒకలా ఉండరు. మాకు తెలిసిన ఒకాయన చెట్టు కింద షెడ్డు వేయించి అంగన్‌వాడీకి ఇచ్చాడు. మొదటి రోజే కూలి సంగతి ఎత్తి గేటు మూయించుకోకండి.

భాష రాదని ఆగకండి. పశ్చిమ ఒడిశా ఆడవాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. పాణి అంటే నీళ్లు, పేట అంటే కడుపు, జర అంటే జ్వరం, ఛుఆ అంటే పిల్ల. పెద్దక్కను నాని అంటారు. మా పెద్దావిడ "నాని" అన్న పిలుపు విన్నప్పుడు "నేనేమైనా బుడ్డ పిల్లనా" అనుకుందట, అర్థం తెలిశాక ఆ పిలుపే ఆమెకు ఇష్టమైంది. అడిగే ప్రశ్నలు కూడా మంచీచెడ్డలతో మొదలు కావాలి. ఎక్కడ స్నానం చేస్తున్నరు, చెంబు పట్టుకుని ఏ వైపు పోతున్నరు, అక్కడ చీకట్లో భయం లేదా, నెలసరి గుడ్డలు ఎక్కడ ఆరేసుకుంటున్నరు. వీటికి జవాబులు వస్తే మిగతావన్నీ వస్తాయి. స్నానానికి నాలుగు గుంజలు పాతి పరదా కట్టించడం మా సంఘం చేసిన మొదటి పని. ఖర్చు చీరల మూట కంటే తక్కువే అయింది.

వారం ఖర్చుకిచ్చే డబ్బును వాళ్లు ఖురాకీ అంటారు. అది అందిన రోజు అంగడికి వస్తారు. మున్షీ కళ్లు లేనిచోట నిదానంగా మాట్లాడాలంటే ఆ రోజు అంగట్లో కలవండి.

నువాఖాయి లెక్కతో నెలలు కట్టడం

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైంది గర్భిణుల లెక్క. ఒక చిన్న పుస్తకంలో గుడిసె వారీగా రాసుకోండి: కడుపుతో ఉన్నవాళ్లు, బాలింతలు, అయిదేళ్ల లోపు పిల్లలు, టీకాలు ఎక్కడిదాకా పడ్డాయి. కులం, అప్పు, ఊరి గొడవలు ఇందులో రాయకండి. ఈ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి.

"ఎన్నో నెల?" అని అడిగితే చాలామంది చెప్పలేరు. ఇంగ్లిషు తారీఖులతో అడగడం మన తప్పు. వాళ్ల పెద్ద పండుగ నువాఖాయి, కొత్త వడ్ల పండుగ. భాద్రపద శుద్ధ పంచమి నాడు వస్తుంది, అంటే మన వినాయక చవితికి మర్నాడు. "ఆఖరుసారి ముట్టైంది నువాఖాయికి ముందా, తర్వాతా? దసరాకు ముందా?" అని అడగండి. ఠక్కున చెబుతారు. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ సుమారుగా తేలుతుంది.

2025లో నువాఖాయి ఆగస్టు 28న వచ్చింది. ఆ రోజు ఆఖరు ముట్టు అయిన మనిషికి కాన్పు తేదీ 2026 జూన్ 4. బట్టీలు మూసి అందరూ రైలెక్కేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే ఆమె నొప్పులు రైల్లో పడొచ్చు. ఇది ఏప్రిల్‌లోనే తెలిస్తే ముందుగా పంపించడమా, ఇక్కడే కాన్పు చేయించి తర్వాత పంపడమా అని ఆమె, ఆమె మనుషులు, మీరు కూర్చుని ఆలోచించుకునే వీలుంటుంది. తెలియకపోతే జనరల్ బోగీలో జరిగేది జరుగుతుంది.

లెక్క తేలగానే ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించి తల్లీబిడ్డల కార్డు ఇప్పించండి. ఒడిశాలో ఇచ్చిన కార్డు ఉంటే దాన్నే కొనసాగించమనండి, అవే టీకాలు. అంగన్‌వాడీలో చేర్పించండి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఏడు నెలలు నిండిన పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పిండి ఉంటుంది. ఊరి ఆడవాళ్లకున్నట్టే వలస వచ్చిన ఆడవాళ్లకూ ఇవి వర్తిస్తాయి. "రేషన్ కార్డు ఇక్కడిది కాదు కదా" అని టీచర్ అంటే అంగన్‌వాడీకి రేషన్ కార్డుతో పనిలేదని చెప్పి, అవసరమైతే సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. పని మానుకుని కేంద్రం దాకా రోజూ రాలేరు. వారం సరుకు ఇంటికి ఇచ్చే వీలుందేమో టీచర్‌ను అడగండి. లేకపోతే మనలో ఒకరు వెళ్లి పిల్లల్ని తీసుకురావాలి.

ప్రసవానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు ఉండదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, రానుపోను ప్రయాణం అన్నీ ఉచితం. పరీక్షలకు 102 అమ్మఒడి బండి, నొప్పులకు 108. కష్టమైన కాన్పు అయితే వరంగల్ దాకా పంపుతారు. సీకేఎం ఆసుపత్రికో, ఎంజీఎంకో, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రికో మొదటిసారి వచ్చిన మనిషికి ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో కూడా తెలియదు. తోడు ఎవరు పోవాలో తొమ్మిదో నెల రాగానే వంతు వేసుకోండి. తోడు పోయే మనిషికి బస్సు చార్జీ, ఆ రోజు తిండి ఖర్చు సంఘం పెట్టుకోవాలి. అది లేకపోతే రెండో కాన్పుకు ఎవరూ ముందుకు రారు, అందులో వాళ్ల తప్పూ లేదు.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, అనుమతులు. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. ఆమె జూన్‌లో వెళ్లిపోతే మళ్లీ ఒడిశా నుంచి ఒక కాగితం కోసం రాలేదు. ఇక్కడ ఒక చిక్కుంది. వాళ్లలో బిడ్డకు పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజు జరిగే ఏకోఇశియా నాడు. పేరు లేదని నమోదు ఆపకండి. పేరు లేకుండానే రాయించి, ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి నుంచి అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు ఈ జనన ధ్రువీకరణ పత్రమే. అసలు ఆమె చేతికి, నకలు మన ఫైలులోకి.

రేషన్, ఈ-శ్రమ్

ఇది చిన్న పని, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఒడిశా కార్డు నంబరుతో మన ఊరి రేషన్ షాపులోనే బియ్యం తీసుకోవచ్చు. ఇంటి దగ్గర ముసలివాళ్లుంటే వాళ్ల వాటా అక్కడ వదిలి, ఇక్కడున్న వాళ్ల వాటా మాత్రం తీసుకునే వీలుంది. ఇంకో చిక్కు వేళ్లది. రోజూ మట్టి తొక్కి, ఇటుక పట్టి వేలిముద్రలు అరిగిపోతాయి. మిషన్ తీసుకోదు. కంటిపాపతో గుర్తించే పద్ధతి ఉందా అని అడగండి. మిషన్ ఒప్పుకోలేదని ఖాళీ సంచితో పంపించేస్తుంటే పక్కన మన మనిషి ఉండాలి.

అసంఘటిత కార్మికుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ నమోదు మీసేవలోనో సీఎస్‌సీలోనో చేయించండి. 16 నుంచి 59 ఏళ్లవాళ్లకు, పీఎఫ్, ఈఎస్ఐ లేని వాళ్లకు. ఆమె పేరు మీద విడిగా చేయించండి, భర్తది ఉంటే చాలనుకోకండి. ఎందుకో కింద చెబుతాను.

కూలి లెక్క ఆమె పేరు మీద

నాకు అన్నిటికంటే కడుపు రగిలేది ఇక్కడే. నువాఖాయి పండుగ తర్వాత సర్దార్ అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అడ్వాన్స్ ఒక జంటకు, చాలాసార్లు ఒక పిల్లవాడితో కలిపి. కూలి వెయ్యి ఇటుకలకింతని. మట్టి తొక్కేది, అచ్చు కొట్టేది, ఆరబెట్టేది, తలమీద మోసేది ఆమె. పుస్తకంలో పేరు ఆయనది. జూన్‌లో లెక్క చూస్తే అడ్వాన్స్, ఖురాకీ, మందులు, విరిగిన ఇటుకలు అన్నీ పోగా మిగిలింది ఎంతో ఆమెకు ఎవరూ చెప్పరు.

అందుకే మేం ప్రతి గుడిసెకు ఒక చేతి పుస్తకం ఇచ్చాం. రాయడం రాకపోతే బొగ్గుతో గోడ మీద గీతలు గీస్తారు, వెయ్యికొక గీత. వారం రోజున మన పిల్లలెవరైనా ఆ గీతలను పుస్తకంలోకి ఎక్కించాలి. ఒక వారం 7,000 కోశారనుకోండి. 500 విరిగాయని మున్షీ 6,500 రాస్తే, మన పుస్తకంలో 7,000, 500, 6,500 మూడూ ఉండాలి. మాఘంలో అకాల వాన పడి పచ్చి ఇటుక కరిగితే ఆ తేదీ, ఎన్ని కరిగాయో రాయాలి. ఆ నష్టం ఎవరి మీద వేశారో జూన్‌లో అడగడానికి అదే ఆధారం. ఖురాకీ ఎంత, మందులకని ఎంత పట్టుకున్నారో ఇంకో పేజీలో. పైన భర్త పేరు పక్కన ఆమె పేరూ రాయండి. రెండు ప్రతులు చేసి, ఒకటి ఆమె దగ్గర ఉంచండి.

పుస్తకం ఉంటే చాలా గొడవలు బట్టీ దగ్గరే తేలిపోతాయి. మూడు నాలుగు గుడిసెల ఆడవాళ్లు, మన సంఘం పెద్దావిడ కలిసి కూర్చుని అడిగితే లెక్క సరిచేసిన సందర్భాలు నాకు తెలుసు.

కానీ అప్పు తీరేదాకా బయటికి పోనివ్వకపోవడం, కార్డులు, ఫోన్లు గుంజుకోవడం, కొట్టడం, జబ్బు చేసినా పనికి ఈడ్వడం కనబడితే అది లెక్కల గొడవ కాదు, వెట్టి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్నా అది బలవంతపు పనేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు బట్టీ దగ్గర ఒక్క మాట కూడా అనకండి. అక్కడ మాట జారితే ఆ రాత్రికి రాత్రే కుటుంబాన్ని తరలిస్తారు. నేరుగా ఆర్డీఓకు గానీ కలెక్టర్‌కు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వొచ్చు గానీ అక్కడ నలుగురి చెవిన పడుతుంది, ఇలాంటి ఫిర్యాదుకు ఆర్డీఓ ఆఫీసే మేలు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్లకు, ఆదివాసులకు, దళితులకు, వెట్టి బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

విచారణ అయ్యాక, వెట్టి నుంచి విడిపించినట్టు అధికారి ఇచ్చే విముక్తి పత్రం తీసుకోకుండా వాళ్లను రైలెక్కించకండి. ఆ పత్రంతోనే పాత అప్పు రద్దవుతుంది, పునరావాస సాయం వస్తుంది. కేంద్ర పథకం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటి ఘోరాల్లో 3 లక్షల దాకా ఉంది. పత్రం ఆమె పేరు మీద విడిగా ఉండాలి. ఈ-శ్రమ్‌లో, చేతి పుస్తకంలో ఆమె పేరు విడిగా ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే. కాగితాల్లో ఆమె లేకపోతే ఆ సాయమూ ఉండదు.

చెయ్యి వేసినవాడి సంగతి

బట్టీలో మున్షీ, చేలో మేస్త్రీ, గుడిసెలో భర్త, ఎవరైనా కావచ్చు. ఆమె మొదటిసారి చెప్పినప్పుడు మన పని వినడం. "నువ్వేం చేసినవ్" అని అడగకండి. "కేసు పెట్టాల్సిందే" అని నెట్టకండి. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు, పిల్లలు ఎక్కడున్నారు, అది ముందు తేల్చండి. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వాళ్లు వస్తారు. కొద్దిరోజుల వసతి, వైద్యం, వకీలు, పోలీసు సాయం ఒక్కచోటే దొరుకుతాయి. పిల్లల మీద అయితే 1098.

పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైనా, యజమాని మీదే ఫిర్యాదైనా, పని దగ్గర లైంగిక వేధింపుల మీద జిల్లా స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. 2013 చట్టం ప్రకారం జరిగిన మూడు నెలల్లోపు. ఆమె ఊరికి వెళ్లిపోయాక చెప్పే ధైర్యం వచ్చినా ఫర్వాలేదు, పోలీసులు ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. సాయం అడగలేని పరిస్థితిలో ఉన్నప్పుడు చెప్పడానికి ఒక గుర్తు పెట్టుకోండి. మా దగ్గర అది గుడిసె ముందు బోర్లించిన నీళ్ల బిందె.

బడి

విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు కాగితం లేదని, బదిలీ పత్రం లేదని ఏ ప్రభుత్వ బడీ చేర్చుకోననకూడదు. మధ్యలో వచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. బట్టీల దగ్గర ఒడియా పాఠ్యపుస్తకాలతో పని స్థలం బడులు నడిపిన అనుభవం మన జిల్లాలకు ఉంది. మండల విద్యాధికారిని నవంబర్‌లోనే అడగండి, ఫిబ్రవరిలో అడిగితే ఏడాది అయిపోయినట్టే. తల్లి పక్కన ఇటుక తిప్పుతున్న పిల్ల బడికి పోతే తల్లి లెక్కలో ఇటుకలు తగ్గుతాయి. ఆ సంగతి మనసులో పెట్టుకుని తల్లితో మాట్లాడండి.

గుత్తికోయ గూడెంలో వేరే తీరు

ఇక్కడ సీజన్ లేదు, తిరుగు రైలు లేదు. పదిహేను, ఇరవై ఏళ్లుగా ఉన్నా వాళ్లు ఇంకా "వచ్చినోళ్లే". ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు, ఇక్కడ కాదు. అటవీహక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. వీళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్లు. ఇవి మన సంఘం తీర్చగల సమస్యలు కావు. తీరుస్తామని చెప్పకండి.

"మీ ఊళ్లో ఏం జరిగింది, ఎవరు తగలబెట్టారు?" అని అడగొద్దు. రెండు వైపుల తుపాకుల మధ్య నుంచి వచ్చిన మనుషులు వాళ్లు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో పుస్తకంలో రాయొద్దు. కోయ మాటలో నీళ్లను ఏర్ అంటారు, మన ఏరే. దాహమైందని అడిగి వాళ్ల నీళ్లు తాగండి. వాళ్లింట్లో మనం ఏం తాగుతాం, ఏం తినం అన్నది గూడెం మొత్తం గమనిస్తుంది.

ఇక్కడ పెద్ద పని వానాకాలం కాన్పులు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు ఊళ్లను ముంచింది. మామూలు ఏళ్లలో కూడా జులై, ఆగస్టుల్లో గూడెం నుంచి రోడ్డుకు రావాలంటే వాగు దాటాలి. అందుకని మే నెలలోనే గర్భిణుల లెక్క తీసి, వానాకాలంలో కాన్పు ఉన్నవాళ్లను తేదీకి పది రోజుల ముందే వాగు ఇవతలికి తేవాలి. ఏటూరునాగారంలో ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసు ఉంది, ఆసుపత్రి ఉంది, ముందే వెళ్లి మాట్లాడుకోండి. ఆమెతో పాటు గూడెం పెద్దావిడ ఒకరు రావాలి, ఇద్దరికీ తిండి ఏర్పాటు ఉండాలి. ఒంటరిగా ఆసుపత్రి మంచం మీద ఉండమంటే ఆమె అర్ధరాత్రి నడిచి వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోయిన ఒక తల్లిని నేను చూశాను, ఆమెను తిట్టినవాళ్లనూ చూశాను. ఆమె భాష మాట్లాడే ఒక్క మనిషిని మేం పక్కన ఉంచలేదు.

కలుపుకోవడానికి మేడారం కంటే మంచి తావు లేదు. సమ్మక్క, సారలమ్మ తల్లీకూతుళ్లు, కోయ ఆడబిడ్డలు. రెండేళ్లకోసారి జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి కోయలు వస్తూనే ఉన్నారు. మా తల్లిగారి ఊరి సంఘం ఎత్తుబంగారం (మొక్కు బెల్లం) తీసుకెళ్లేటప్పుడు గూడెం ఆడవాళ్లను కలుపుకుని పోతుంది. బట్టీ ఆడవాళ్లు బతుకమ్మ అయిపోయాక వస్తారు, బతుకమ్మకు పిలవలేం. వాళ్లకు పుష్పుని పండుగ పుష్య పున్నమికి, మన సంక్రాంతికి కొంచెం అటూ ఇటూగా వస్తుంది. ఆ సాయంత్రం సకినాలు పట్టుకెళ్లి వాళ్ల చాపల మీద కూర్చోండి.

వెళ్లే రోజు

మే నెల రెండో వారంలో గుడిసె గుడిసెకు తిరిగి ఒక్కో కుటుంబానికి ఒక ప్లాస్టిక్ కవరు ఇవ్వండి. అందులో తల్లీబిడ్డల కార్డు, జనన పత్రం, ఈ-శ్రమ్ కాగితం, చేతి పుస్తకం ప్రతి ఉండాలి. బిడ్డకు తర్వాతి టీకా తేదీ కవరు మీద పెద్ద అంకెల్లో రాయండి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు తప్పితే తొమ్మిదో నెల దాకా ఎవరూ గుర్తుచేయరు. లెక్క తేలి డబ్బు చేతికి వచ్చేదాకా టికెట్ తీయొద్దని చెప్పండి. ఆమె వాటా ఆమె బ్యాంకు ఖాతాలో పడేలా అడగమనండి.

పెద్దపల్లి జంక్షన్‌కో రామగుండానికో ఇద్దరు వెళ్లి ఎక్కించి రండి. నొప్పుల రోజులు దగ్గరున్నవాళ్లకు కింది బెర్తు దొరికేలా చూడండి. మన సంఘం ఫోన్ నంబరు ఆమె ఫోన్లో ఎక్కించండి, లేకపోతే కవరు లోపలివైపు రాయండి. ఒడిశాలో వాళ్ల ఊరి ఆశా నంబరు మనం రాసుకుని, ఆమె దిగిన వారానికి ఫోన్ చేయండి.

వినాయక చవితి మర్నాడు మళ్లీ ఫోన్ చేయండి. ఆ రోజు నువాఖాయి. ఈసారి ఎవరి అడ్వాన్స్ తీసుకుంటున్నారు, ఏ బట్టీకి వస్తున్నారు, ఎవరికి ఎన్నో నెల అని ఆమె తానే చెబుతుంది. పుస్తకంలో కొత్త పేజీ ఆ రోజే తెరవండి.